డిక్కీ మూత మీద పేర్లు

మేం సార్నియా తిరిగొచ్చి మూడు వారాలైంది. కనబడిన ప్రతివాళ్ళూ అడుగుతున్నది ఒక్కటే: "ఎడ్మంటన్‌కి ఆరు రోజులు రోడ్డు మీద వెళ్ళావా? ఫ్లైట్ ఉంది కదయ్యా!" ఉంది, కాదనను. కానీ మాతో పాటు ఒక కారు రావాలి, అది విమానం ఎక్కదు. కాలేజీకీ బేస్‌మెంటుకీ షిఫ్టుకీ మధ్యే తిరుగుతూ ఈ కెనడా దేశం ఎంత ఉందో ఇంకా చూడని మనవాళ్ళ కోసం ఇదంతా రాస్తున్నాను. ఇందులో నేను చేసిన వెధవ పని కూడా ఉంది. దాచుకోను.

సార్నియా

నా పేరు దావీదు. బెజవాడ ఆటోనగర్‌లో పద్దెనిమిదేళ్ళు మెకానిక్‌ని. నా భార్య సుజాతకు ఇక్కడి కాలేజీలో సీటొస్తే, ఆమె వెనక స్పౌజ్ వర్క్ పర్మిట్ మీద వచ్చాను. మేం వచ్చిన ఏడాది సార్నియాలో ఎటు చూసినా మన స్టూడెంట్లే. ఒక్కో గదిలో మూడేసి పరుపులు. మొదటి నెల ఎవరిదో హాల్లో, బట్టలారేసిన తాడు కింద పడుకున్నాం. ఇక్కడి సర్టిఫికెట్ లేదని ఏ గ్యారేజీలోనూ నన్ను పానా పట్టనివ్వలేదు. గోదాములో అట్టపెట్టెలు మోసేవాణ్ణి. సాయంత్రానికి నా చేతులకు గ్రీజు వాసన లేకపోతే నాకే ఏదోలా ఉండేది.

అప్పుడు చర్చి భోజనాల దగ్గర మార్జరీ గారు తగిలారు. డెబ్బై ఆరేళ్ళావిడ, భర్త ఆర్థర్ పోయి నాలుగేళ్ళు. మంచు తోసే మిషను స్టార్టవడం లేదంటే వెళ్ళి బాగుచేశాను. ఆ వారమే మేడమీది రెండు గదులు మాకిచ్చారు. నెల తిరక్కుండా గ్యారేజీ తలుపు తీసి, దుప్పటి కప్పిన ఒక కారు చూపించి, "తెరిచి చూడు డేవిడ్" అన్నారు. ఆ ఒక్క మాటకు నేను ఆవిడకు జీవితాంతం రుణపడి ఉంటాను. ఏడాదిగా నన్ను ఎవరూ అనని మాట అది.

కారు నా నడుము దాకా లేదు. ఆకుపచ్చ రంగు వెలిసిపోయింది. రెండు కార్బొరేటర్లు, ప్లాటినం పాయింట్లు, అంతా పాతకాలపు సరంజామా. ఇక్కడి కుర్ర మెకానిక్కులు కంప్యూటరు తగిలించడానికి చోటు వెతుక్కుంటారు. నేను అంబాసిడర్ల మీద పని నేర్చుకున్నవాణ్ణి, నాకది పుట్టింటి చుట్టంలా కనబడింది.

దాన్ని చేసింది ఇంగ్లండులో ఒక చిన్న కంపెనీ. మార్జరీ గారు ఎప్పుడూ ఆ కంపెనీని పేరుతో అనలేదు, 'షెడ్డు' అనేవారు. ఒకప్పుడు కోళ్ళు పెంచిన షెడ్డులో పధ్నాలుగుమంది కలిసి స్పోర్ట్స్ కార్లు చేసేవారట. ఇంజను బయట కొనేవాళ్ళు. ఇనప గొట్టాలతో ఛాసీ, అంటే కింది చట్రం, వెల్డింగ్ చేసి, పైన ఫైబర్ బాడీ తొడిగేవాళ్ళు. పేరు రావాలంటే ర్యాలీలో పరిగెత్తాలని మూడు ర్యాలీ కార్లు కట్టారు. ర్యాలీ అంటే మైదానంలో గుండ్రంగా తిరగడం కాదు. మట్టిరోడ్ల మీద, మంచులో, రోజుల తరబడి, గడియారం చూసుకుంటూ పోవాలి. మొదటి కారు చెట్టుకు గుద్దుకుంది. రెండోది మంటల్లో పోయింది. ఈ మూడోది ఓడెక్కి కెనడా ర్యాలీకి వచ్చింది. ఆర్థర్ డ్రైవరు, పక్కన మ్యాపు పట్టుకుని దారి చెప్పింది మార్జరీ గారు. రిపేర్లకు షెడ్డు నుంచి టామ్ అనే వెల్డరు వచ్చాడు. తొమ్మిదో స్థానంలో ముగించారు. ఆర్నెల్లకే షెడ్డు మూతపడింది. కారు ఆర్థర్ దగ్గరే ఉండిపోయింది, టామ్ ఎడ్మంటన్‌లో ఉండిపోయాడు.

ఇప్పుడు సుజాత చదువు అవగానే మార్జరీ గారు ఇల్లు అమ్మేసి చిన్న అపార్ట్‌మెంట్‌కి మారతారు. మాకోసమే అప్పటిదాకా ఆగుతున్నారు. కారుకు అక్కడ చోటు లేదు. ఇంగ్లండులో ఒక మ్యూజియం వాళ్ళు తీసుకుంటామన్నారు గానీ, ఇది అసలైన మూడో కారేనని షెడ్డులో పనిచేసినవాళ్ళెవరైనా కళ్ళతో చూసి రాసివ్వాలన్నారు. షెడ్డు పోయాక బాడీలు పోసే అచ్చులు కొనుక్కుని అలాంటి బాడీలు పోసినవాళ్ళు చాలామంది ఉన్నారట. పధ్నాలుగుమందిలో మిగిలింది టామ్ ఒక్కడే. ఎనభై నాలుగేళ్ళు, ప్రయాణం చెయ్యలేడు. ఫొటో చూసి సంతకం పెట్టనన్నాడు. ఆయన రాసివ్వకపోతే కారును విప్పి ముక్కలుగా అమ్ముకునే వ్యాపారి ఒకడు కాచుక్కూర్చున్నాడు.

మే నెలాఖరున ట్రైలర్ మీద కారెక్కించి, ఆవిడ పికప్ ట్రక్కుకు తగిలించాను. సుజాత బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. మార్జరీ గారు కళ్ళు తెరిచే నిలబడి, చివర్లో ఆమెన్ అన్నారు. బయల్దేరేముందు నాతో, "ఇంజనూ బ్రేకులూ చూశావు, చాలు. మిగతాదేమీ చెయ్యక్కర్లేదు, అలాగే ఉండనీ" అన్నారు. నేను తలూపాను. ఆ మాట నేనెలా అర్థం చేసుకున్నానో తర్వాత చెబుతాను.

వావా

మొదటిరోజు సడ్‌బరీ దాకా నల్లటి బండరాళ్ళ మధ్య రోడ్డు. టీ అడిగితే వేణ్ణీళ్ళ కప్పూ, దారం కట్టిన పొట్లమూ ఇచ్చారు. ఆటోనగర్ గేటు దగ్గర అల్లం టీ తాగేవాడికి ఇది ఒక శిక్ష. రెండోరోజు మధ్యాహ్నం నుంచి ఎడమపక్కన లేక్ సుపీరియర్ మొదలైంది. అలలు బందరు తీరంలో లాగే వస్తున్నాయి గానీ ఉప్పు వాసన లేదు. ట్రక్కాపి నీళ్ళు నోట్లో పోసుకుని చూశాను. మార్జరీ గారు పడీపడీ నవ్వారు.

వావా అనే ఊళ్ళో ఊరి మొగదలే పెద్ద ఇనప బాతు బొమ్మ ఉంది. పెట్రోలు కొట్టించుకుంటూ నేను సుజాతతో ఫోన్లో మాట్లాడుతుంటే, కౌంటర్లోని అమ్మాయి బయటికి తొంగిచూసింది.

"అన్నా, తెలుగోళ్ళా?"

పేరు మౌనిక, కరీంనగర్. టొరంటోలో చదివి, ఇక్కడే స్థిరపడే అనుమతి, అదే పీఆర్, దాని కోసం ఈ చిన్న ఊరు వెతుక్కుని వచ్చిందట. మూడు నెలల తర్వాత ఎదురుగా తెలుగు వినడం ఆమెకు ఇదే మొదలట. కారు చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"ఏం కారన్నా ఇది? బొమ్మ లెక్కున్నది!"

నేను షెడ్డు కథంతా చెప్పాను. వింటూ మార్జరీ గారి వైపు చూసింది. "ఈ మేడం దీన్ల కూసొని దేశమంతా తిరిగిందా? గప్పట్ల? నేను ఈడికి బస్సుల వస్తనే భయపడ్డ గదన్నా!"

నేను ఇంగ్లీషులో చెబితే మార్జరీ గారు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, "నాకూ భయమేసింది. మ్యాపు తలకిందులుగా పట్టుకున్నా ఆర్థర్‌కు చెప్పలేదు" అన్నారు. మౌనిక మా కాఫీలకు డబ్బులు తీసుకోలేదు. ట్రక్కు కదిలాక అద్దంలో చూస్తే ఇంకా నిలబడే ఉంది.

థండర్ బే

మూడోరోజంతా కొండలు, రోడ్డు పనులు, కంకర దుమ్ము. పురుగులు అద్దానికి కొట్టుకుని జిగటగా అంటుకుపోయాయి. సాయంత్రం థండర్ బే చేరేసరికి మన కారు చూస్తే ఏడుపొచ్చింది. మార్జరీ గారు తలనొప్పిగా ఉందని మోటెల్లో పడుకున్నారు. అక్కడ 'పర్షియన్' అని గులాబీరంగు క్రీము పూసిన రొట్టెలాంటిది అమ్ముతారు, మూడు డాలర్లకు పైనే. ఆవిడకొకటి కొనిచ్చి నేను బయటపడ్డాను. ఎనిమిదిన్నరైనా ఇంకా ఎండ కాస్తోంది.

ఇప్పుడు ఆ 'అలాగే ఉండనీ' అన్న మాట సంగతి. మనలో వద్దంటే వద్దనే అర్థమని ఎవరు చెప్పారు? భోజనంలో చాలంటే ఇంకో గరిటె వెయ్యాలి. "ఎందుకండీ మీకు శ్రమ" అన్నారంటే చెయ్యమనే. ఆటోనగర్‌లో బండి కడక్కుండా తాళం చేతికివ్వడం పరువు తక్కువ. మేస్త్రీ చెవి మెలేసేవాడు. పెద్దావిడ మొహమాటపడి అలా అన్నారు, మనం చేసి చూపిస్తే సంతోషపడతారు అనుకున్నాను.

సెల్ఫ్ సర్వీస్ కార్ వాష్‌లో ప్రెషర్ పైపు పట్టాను. పైనా, చక్రాల గూళ్ళలో, అడుగునా ఏళ్ళనాటి మట్టి పెళ్ళలు పెళ్ళలుగా ఊడిపడింది. అడుగున డ్రైవరు సీటు కింద గొట్టానికి ఒక అతుకు బయటపడింది. ఎంత వికారంగా ఉందంటే, మా ఆటోనగర్‌లో అలా వెల్డింగ్ చేసినవాణ్ణి వారం పాటు ఏడిపిస్తారు. తర్వాత డిక్కీ తెరిచాను. మూత లోపలివైపు నల్లగా జిడ్డు, ఏవో గీతలు. గుడ్డ పెట్రోల్లో తడిపి శుభ్రంగా తుడిచేశాను. అద్దంలా మెరిసింది. ఈలవేసుకుంటూ మోటెల్‌కి వచ్చాను.

పొద్దున మార్జరీ గారు బయటికొచ్చి, కారు చూసి ఆగిపోయారు. వెళ్ళి డిక్కీ మూత ఎత్తారు. వేళ్ళతో ఆ ఖాళీ మూతను తడిమారు. తర్వాత పక్కనున్న సిమెంటు గట్టు మీద కూర్చుండిపోయారు.

"పేర్లుండేవి డేవిడ్" అన్నారు. "షెడ్డులో ఒక ఆచారం. కారు మీద ఎవరు పనిచేసినా మూత లోపల మైనం పెన్సిలుతో పేరు రాయాలి. పధ్నాలుగు పేర్లు. టామ్ చూడాల్సింది అవే."

క్షమించమని ఎన్నిసార్లన్నానో లెక్కలేదు. వెనక్కి పోదామన్నాను.

"టామ్ ఈపాటికి చొక్కా ఇస్త్రీ చేయించుకుని ఉంటాడు" అని ఆవిడ ట్రక్కెక్కారు.

సుజాతకు ఫోన్ చేసి చెబితే, "ఆవిడ వద్దన్నాక ఎందుకు ముట్టుకున్నారండీ? మీ చేతులు ఊరుకోవు కదా! ఇల్లిచ్చిన మనిషికి ఇదా మనం చేసింది?" అని ఏడ్చేసింది.

విన్నిపెగ్

నాలుగోరోజు ఏడువందల కిలోమీటర్లు. అడవి అయిపోయి నేల పలకలా చదునైపోయింది. మార్జరీ గారు కోపంగా ఒక్క మాటా అనలేదు. "కుడివైపు తిప్పు", "థాంక్యూ", అంతే. తిట్టినా బాగుండును.

రాత్రి బస రాజారత్నం అంకుల్ ఇంట్లో. ఒంగోలు వాళ్ళు, ఇరవయ్యేళ్ళుగా ఇక్కడే ఉన్నారు. ఆయన ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తారు. మా చర్చి పాస్టర్ గారు చెబితే, ముఖమైనా చూడని మాకోసం శాంత ఆంటీ పొద్దుట్నుంచీ వండారు. కోడికూర, గోంగూర, పప్పుచారు, సేమ్యా పాయసం. ఇంత మంచి భోజనం ముందు కూర్చుని మింగుడు పడని దౌర్భాగ్యం నాది.

మార్జరీ గారు కొంచెం తిని, "చాలా బాగుంది, ఇక చాలు, థాంక్యూ" అన్నారు. ఆంటీ గరిటెడు అన్నం వేశారు. ఆవిడ నిదానంగా అదీ తిని, చెయ్యి అడ్డంపెట్టి, "నో, థాంక్యూ" అన్నారు. ఆంటీ ఆ చెయ్యి ప్రేమగా పక్కకు జరిపి పప్పుచారు పోశారు.

వాళ్ళమ్మాయి గ్రేస్, యూనివర్సిటీలో చదువుతోంది, తల పట్టుకుంది. "మమ్మీ! షీ సెడ్ నో! ట్వైస్!"

"నువ్వుండవే. పెద్దావిడ, మొహమాటపడుతుంది. మనమే చూసి వెయ్యాలి" అంటూ ఆంటీ కోడికూర గిన్నె ఎత్తారు.

గ్రేస్ ఆ మాటను ఇంగ్లీషులో చెప్పింది. మార్జరీ గారు తన ప్లేటు వైపు చూశారు. ఆంటీ చేతిలో గరిటె వైపు చూశారు. తర్వాత తల తిప్పి నన్ను చూశారు, పొద్దుట్నుంచీ మొదటిసారి.

"ఓహ్, డేవిడ్!" అన్నారు. "నా కారుకు నువ్వు చేసింది ఇదే కదూ?"

నేను తలూపాను. ఆవిడ నవ్వడం మొదలెట్టారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. విషయం తెలియని ఆంటీ కూడా నవ్వుతూ ఇంకో ముక్క వేశారు. నేను మాత్రం ఏడ్చాను, చెప్పుకోడానికి సిగ్గేమీ లేదు. రాజారత్నం అంకుల్ నా భుజం మీద చెయ్యేసి, "తినవయ్యా, చల్లారిపోతుంది" అన్నారు.

సస్కచెవాన్

ఐదోరోజు మళ్ళీ మాటలొచ్చాయి. మధ్యాహ్నం ఒక పల్లెటూరి హోటల్లో పెరోగీలు తిన్నాం. చూడ్డానికి అచ్చం కజ్జికాయలే, లోపల కొబ్బరికి బదులు బంగాళాదుంప. కారం అడిగితే మిరియాల పొడి సీసా తెచ్చిపెట్టారు. సాస్కటూన్ ఇంకా గంట ఉందనగా ఆవిడ కిటికీలోంచి చూపించారు.

"ర్యాలీలో కారు ఇక్కడెక్కడో విరిగింది. గుంటలో పడి ఛాసీ గొట్టం పగిలింది. ఒక రైతు కొట్టంలో టామ్ వెల్డింగ్ చేశాడు. ఇనుము దొరక్క ఆ రైతుగారి పార కోసేసి, దాని రేకు గొట్టానికి చుట్టి అతికించాడు. ఆ తర్వాత ఆర్థర్ కొత్త గొట్టం వేయించే ఉంటాడు."

నేను బ్రేకు తొక్కాను. వెనక ట్రైలర్ ఊగింది.

"ఎటువైపు గొట్టం?"

"డ్రైవరు సీటు కింద. ఏం?"

ట్రక్కు రోడ్డు పక్కకు తీసి ట్రైలర్ కిందకు దూరాను. థండర్ బేలో నేను వెక్కిరించిన అతుకు అలాగే ఉంది. ఒంపు తిరిగిన రేకు, అంచున రెండు రివెట్ కన్నాలు. పార కర్ర బిగించే కన్నాలు! మట్టి కప్పేసి ఉంది కాబట్టి ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియలేదు. ఆర్థర్ కొత్త గొట్టం వేయించనే లేదు.

ఫోన్లో ఫొటో తీసి చూపిస్తే మార్జరీ గారు కళ్ళద్దాలు సర్దుకుని దగ్గరగా పెట్టుకుని చూశారు. "టామ్‌కి ముందు చెప్పొద్దు. ఆయన్నే చెప్పనిద్దాం. గుర్తుందో లేదో చూద్దాం" అన్నారు. అది న్యాయం. కానీ ఎనభై నాలుగేళ్ళ మనిషికి ఒక అతుకు గుర్తుండాలి, మా ఆశంతా దాని మీదే.

ఎడ్మంటన్

టామ్ కూతురింట్లో ఉంటాడు. మేం వెళ్ళేసరికి వాకర్ పట్టుకుని వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. చొక్కా నిజంగానే ఇస్త్రీ చేసి ఉంది, టై కూడా కట్టాడు. నేను కారు స్టార్ట్ చేసి ట్రైలర్ పలకల మీదుగా కిందికి దింపాను. రెండో తిప్పుకే అందుకుంది. ఆ చప్పుడుకు ఆయన కళ్ళు మూసుకున్నాడు.

తర్వాత తిన్నగా డిక్కీ దగ్గరికి నడిచి మూత ఎత్తాడు.

"పేర్లేవి?"

"నేనే తుడిచేశానండీ" అన్నాను. మార్జరీ గారు చెబుతానన్నారు గానీ, అది నేనే చెప్పాలి.

ఆయన నన్ను తేరిపార చూశాడు. కోపం లేదు, అలసట ఉంది. "అయితే నేను రాయలేను మార్జ్. బాడీ అదేలా ఉంది. కానీ ఆ అచ్చుల్లోంచి ఎన్ని వచ్చాయో నీకూ తెలుసు. తెలియనిది తెలిసినట్టు ఎలా రాయను?"

"సరే టామ్" అన్నారు ఆవిడ, గొంతు మామూలుగానే పెట్టుకుని. "రైతు కొట్టంలో ఏం చేశావో గుర్తుందా?"

ఆయన కాసేపు గాలిలోకి చూశాడు.

"పార" అన్నాడు నెమ్మదిగా. "ఆ రైతు భార్య నన్ను పట్టుకుని తిట్టింది. కొత్తది పంపిస్తానన్నాను, పంపలేదు. వెల్డింగ్ కడ్డీలు అయిపోయాయి. వెనకవైపు రెండు వేళ్ళ మేర అతక్కుండా వదిలేశాను. రివెట్ కన్నాలు పూడ్చలేదు. చేతులు గడ్డకట్టిపోయాయి. నా జన్మలో అంత చెత్త వెల్డింగ్ చెయ్యలేదు."

నేను అట్టపెట్టె చింపి కారు పక్కన పరిచాను. ఆయన కూతురు వద్దంటున్నా వినకుండా, నేనూ మార్జరీ గారూ చెరోపక్కా పట్టుకుంటే ఆయన ఆ ఇస్త్రీ చొక్కాతోనే వెల్లకిలా పడుకున్నాడు. నేనూ పక్కనే పడుకుని, ఆయన చెయ్యి పట్టుకుని ఆ గొట్టం మీద పెట్టాను. వేళ్ళు నెమ్మదిగా జరిగాయి. ఒక కన్నం, రెండో కన్నం. వెనకవైపు రెండు వేళ్ళ ఖాళీ దగ్గర ఆగాయి. ఆ సందులో ఆయన రెండు వేళ్ళూ సరిగ్గా పట్టాయి.

"ఇదే. ఇది నేనే" అన్నాడు. కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. "దీని మీది మట్టి ఎవరు తీశారు?"

"నేనేనండీ" అన్నాను. ఈసారి ఆ మాట అనడం తేలికైంది.

వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆయన మ్యూజియానికి ఉత్తరం రాశాడు, ఒక పేజీ నిండా. పార సంగతి కూడా రాశాడు. తర్వాత కూతుర్ని మైనం పెన్సిలు తెమ్మన్నాడు. మళ్ళీ వాకిట్లోకొచ్చి, ఆ శుభ్రమైన మూత లోపల తన పేరు రాశాడు. కింద గుర్తున్న మిగతా పదమూడు పేర్లు ఒక్కొక్కటే పలుకుతూ రాశాడు. రెండు పేర్ల దగ్గర తడబడితే మార్జరీ గారు అందించారు. చివర్లో ఆ పెన్సిలు నా వైపు చాచాడు.

"కారు మీద పనిచేసినవాళ్ళందరూ రాయాలి. షెడ్డు ఆచారం."

"వద్దండీ" అన్నాను. మొహమాటం కాదు, నిజంగానే వద్దనుకున్నాను. చెరిపినవాడు రాయడమేమిటి?

మార్జరీ గారు ఆయన చేతిలోంచి పెన్సిలు తీసుకుని నా చేతిలో పెట్టారు. నేను తిరిగిచ్చాను. మళ్ళీ పెట్టారు.

"వద్దు, మార్జరీ గారూ."

"మీవాళ్ళ సంగతి నాకు విన్నిపెగ్‌లోనే తెలిసిపోయింది" అంటూ ఆవిడ నా వేళ్ళు పెన్సిలు చుట్టూ మూశారు. "వద్దన్నావు కాబట్టి, ఇంకా వడ్డించాలి."

పదిహేనో పేరు తెలుగులో ఉంది. పద్దెనిమిదేళ్ళలో కొన్ని వేల బండ్లు బాగుచేసి పంపించాను, ఒక్కదాని మీదా నా పేరు లేదు. టామ్ వంగి చూసి, అక్షరాలు గుండ్రంగా ముద్దుగా ఉన్నాయన్నాడు. నేను డిక్కీ మూత మెల్లగా దించాను.